వనభోజనానికి బయలుదేరే ముందు వనానికి పథ్యం

కార్తీక మాసం వచ్చిందంటే తెలుగు ఇండ్లలో వనభోజనాల సందడి మొదలవుతుంది. పులిహోర, దద్ధ్యోదనం కలుపుకొని, బంధుమిత్రులతో కూడి, ఉసిరిక చెట్టు నీడన పంక్తిగా కూర్చుని భుజించడం మన పెద్దలు ఏర్పరచిన చక్కని ఆచారం. వనంలోని స్వచ్ఛమైన గాలి, పచ్చదనం, నడక మనసుకు, శరీరానికి హాయిని కలిగిస్తాయి. ఐతే మనకు ఆరోగ్యాన్నిచ్చిన ఆ వనం మనం వచ్చిన తరువాత ఏ స్థితిలో ఉంటున్నది? ఈ ప్రశ్నను ప్రతి గృహస్థుడూ, ప్రతి గృహిణీ ఒక్కసారి వేసుకోవలసి ఉన్నది.

శాస్త్రం ఏమంటున్నది?

చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయం పేరు జనపదోద్ధ్వంసనీయం. ఒక్కొక్కరి ఆహార విహారాలు, ప్రకృతులు వేరువేరుగా ఉన్నా, జనపదమంతా ఒకేసారి వ్యాధిగ్రస్తమగుటకు వాయువు, జలం, దేశం, కాలం అనే నాలుగూ దూషితం కావడమే కారణమని అందులో వివరింపబడినది. దేశమనగా మనం నివసించే నేల. అనగా నేలను, నీటిని పాడుచేయడం ఆరోగ్యానికి సంబంధించిన విషయమేనని ఆయుర్వేదం ఏనాడో గుర్తించినది. అలాగే, రోగకారణాన్ని తొలగించడమే మొదటి చికిత్స అని కూడా ఆయుర్వేదం చెబుతున్నది. దీనినే నిదాన పరివర్జనం అంటారు. అడవికి కలిగే హానికి కూడా మొదటి చికిత్స ఇదే.

హాని ఎలా కలుగుతుంది?

అడవికి వెళ్ళేవారిలో అధికులు దానికి కీడు తలపెట్టి వెళ్ళరు. హాని అంతా తెలియక జరిగేదే.

చెట్టు మొదట్లో వందలమంది తిరిగితే మట్టి గట్టిపడుతుంది. వాననీరు లోనికి ఇంకదు, వేళ్ళకు గాలి ఆడదు. మొలకలు నలిగిపోతాయి. పెద్దచెట్టు పచ్చగానే కనిపిస్తుంది గాని, దాని తరువాత రావలసిన పిల్లచెట్టు రాదు.

త్రిఫలాలలో ఒకటైన ఉసిరికనే చూడండి. అడవిలో రాలిన ఉసిరికాయలను జింకలు తిని, నెమరు వేసేటప్పుడు గింజలను దూరంగా ఉమ్మివేస్తాయి. కొత్త ఉసిరి మొక్కలు మొలవడానికి అదొక ముఖ్యమైన మార్గం. మనం కొమ్మలు విరిచి కాయలన్నీ సంచిలో నింపుకొంటే జింకకు ఆహారమూ లేదు, అడవికి విత్తనమూ లేదు.

ఉప్పు, పులుపు వాసన పట్టిన ప్లాస్టిక్ సంచులను జింకలు ఆహారమనుకొని మింగుతాయి. అవి జీర్ణం కాక కడుపులో పేరుకొని ప్రాణాపాయం తెస్తాయి. వాగులో సబ్బుతో స్నానం చేసినా, గిన్నెలు తోమినా ఆ నురుగు చేపలకు, కప్పలకు విషమవుతుంది. ఆర్పకుండా వదలిన పొయ్యిలోని నిప్పు ఎండుగడ్డికి అంటుకొని కొండంతా కాల్చగలదు.

ఆహారపు వ్యర్థాల సంగతి మరింత ఆలోచింపదగినది. పారవేసిన అన్నానికి కుక్కలు, అడవిపందులు చేరుతాయి. వాటి కోసం చిరుతలు మనుషులు తిరిగే చోటికి వస్తాయి. తిరుమలకు వెళ్ళే అలిపిరి కాలిబాట శేషాచలం అడవి గుండా సాగుతుంది. అక్కడ 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఆరేళ్ల బాలిక మృతిచెందినది. అటువంటి దుర్ఘటనకు ఒకే కారణమని చెప్పజాలము. కాని ఆ తరువాత ఆ బాటలో జంతువులకు ఆహారం పెట్టరాదని హెచ్చరించడానికి కారణం ఇదే.

శేషాచలం విలువ

ఈ కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఎర్రచందనానికి ఇది పుట్టిల్లు. పేరిత అనే అరుదైన చెట్టు సహజంగా పెరిగేది కడప, తిరుపతి ప్రాంతపు కొండలలోనే. ఇందులో మగచెట్లు, ఆడచెట్లు వేరువేరు. మగచెట్టు కంకిని ఔషధమని కోసివేస్తే పుప్పొడి ఉండదు, ఆడచెట్టుకు విత్తనం కట్టదు. చెట్టును నరకకుండానే దాని వంశాన్ని అంతం చేయవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

ఎలా బోధించాలి?

అడవి ముఖద్వారం వద్ద “చేయరాదు” అని వ్రాసిన పలకలు చాలా ఉంటాయి. వాటిని చదివేవారు కొద్దిమంది, పాటించేవారు మరీ కొద్దిమంది. రోగికి “పెరుగు తినకు” అని మాత్రమే చెబితే చాటుగా తింటాడు. ఎందుకు తినకూడదో విడమరచి చెబితే తానే మానుకొంటాడు. వనానికి సంబంధించిన పథ్యం కూడా అంతే.

చెప్పే తీరు కూడా ముఖ్యం. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో శిలలుగా మారిన ప్రాచీన వృక్షాలున్న జాతీయ ఉద్యానం ఒకటి ఉంది. సందర్శకులు ఆ శిలల ముక్కలను తీసుకొనిపోవడం అక్కడి సమస్య. మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ చాల్డీనీ, ఆయన సహచరులు అక్కడ ఒక పరీక్ష జరిపి 2006లో ఫలితాలు ప్రచురించారు. “ఎందరో ముక్కలను తీసుకొనిపోతున్నారు, దానివల్ల ఈ వనం మారిపోయింది” అని పలక పెట్టినప్పుడు, బాటలో గుర్తుపెట్టి ఉంచిన ముక్కలలో సుమారు 8 శాతం మాయమయ్యాయి. “వనం సహజస్థితి కాపాడడానికి దయచేసి తీయవద్దు” అని పెట్టినప్పుడు 2 శాతం కంటే తక్కువే పోయాయి. “అందరూ చేస్తున్నారు” అన్న మాట నిందగా కాక, అనుమతిగా పనిచేసిందన్నమాట! కావున పిల్లల ఎదుట “మనవాళ్లింతే, అందరూ పారేస్తారు” అనడం మానండి. “మన ఇంట్లో మనం ఇలా చేస్తాం” అని చెప్పండి.

ఈ బోధ అడవిలో కాదు, ముందురోజు రాత్రి వంటింట్లో ప్రారంభం కావాలి. ఏ పాత్రలు తీసుకువెళ్ళాలో నిర్ణయించేది గృహిణియే గదా! ప్లాస్టిక్ సామాను ఇంటిలోనే ఆగిపోతే అడవిలో ఏరే పనే ఉండదు.

వనపథ్యం

1. మోదుగాకు, అడ్డాకు విస్తళ్ళలో గాని, స్టీలు పళ్ళేలలో గాని భుజించండి. నీటికి మరచెంబులు వాడండి. ఒకసారి వాడి పారవేసే పలు ప్లాస్టిక్ వస్తువులు 2022 జులై 1 నుండి దేశమంతటా నిషేధింపబడినవి.

2. విస్తళ్ళు, అరటితొక్కలు, మిగిలిన అన్నం కూడా ఒక సంచిలో వేసి ఇంటికి తీసుకురండి. “మట్టిలో కలిసిపోయేదే గదా” అని వదలకండి. మట్టిలో కలిసే లోపలే అది జంతువులను పిలుస్తుంది.

3. ఉన్న బాటలోనే నడవండి. అడ్డదారులు త్రొక్కితే వానకు ఆ దారే వాగై మట్టిని కోసివేస్తుంది.

4. వంట ఇంటిలోనే ముగించండి. అడవిలో నిప్పు రాజేయకండి.

5. గిన్నెలు కడగడం, కాలకృత్యాలు వాగుకు కనీసం 60 మీటర్ల దూరంలో, అనగా సుమారు 80 అంగల అవతల జరగాలి. మలవిసర్జనకు 6 నుండి 8 అంగుళాల లోతు గుంట తీసి మట్టి కప్పండి.

6. మైకులు, పాటలపెట్టెలు వద్దు. పక్షుల పలుకు వినడమే అక్కడి సంగీతం.

7. కోతులకు ఏమీ పెట్టకండి. అలవాటుపడిన కోతి రేపు మరొకరి బిడ్డ చేతిలోనిది లాక్కొంటుంది. కోతి కరచినా, గీరినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా విషయమై వైద్యుని సలహా పొందండి. పసుపు, కారం, పసర్లు పూయరాదు. ఇది గృహవైద్యానికి లొంగే విషయం కాదు.

మూలికలు కనిపిస్తే?

మన పాఠకులకు మూలికల పరిచయం ఎక్కువ. కావున ఈ మాట మనకే ముఖ్యం. వేరుతో పెకలించిన సుగంధిపాల మళ్ళీ చిగురించడం కష్టం. వేళ్ళను గ్రీష్మంలో గాని, శిశిరంలో గాని సేకరించాలని చరక సంహిత కల్పస్థానం చెబుతున్నది. కార్తీకం శరదృతువులోనిది. అనగా వనభోజనపు వేళ వేళ్ళు త్రవ్వడం చరకుడు చెప్పిన పద్ధతి కాదు. పైగా అభయారణ్యాలలో, జాతీయ ఉద్యానాలలో అనుమతి లేకుండా మొక్కలు తీయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అడవిలో మొక్కను గుర్తుపట్టి, పిల్లలకు చూపి, పేరు, గుణం చెప్పి అక్కడే వదలండి. నిత్యావసరానికి తులసి, వామాకు, సరస్వతి ఆకు కుండీలలోనే పెంచుకోవచ్చు. పొరుగింటి తిప్పతీగ ముక్క ఒకటి నాటితే చాలు, పందిరికి అల్లుకొంటుంది.

తిరిగి బయలుదేరే ముందు పిల్లలతో పాటు కూర్చున్న చోటును ఒకసారి చుట్టి రండి. అక్కడ మనం భోజనం చేసినట్లు ఆనవాలు ఏదీ కనబడకపోతే వనభోజనం సక్రమంగా ముగిసినట్లే. వచ్చే కార్తీకానికి ఆ ఉసిరి చెట్టు క్రింద నాలుగు మొలకలు తలెత్తి ఉంటే, అంతకు మించిన ఫలం ఏముంటుంది?