తాత టేపు, తండ్రి టేపు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు చాలా ఇళ్ళలో అటకమీద ఇంకా క్యాసెట్లు ఉండే ఉంటాయి. పెళ్ళి పాటలు, బతుకమ్మ పాటలు, పోయిన అత్తగారి గొంతు. ఆ టేపుకు అన్నగారి వరసయ్యే కంప్యూటర్ టేపు సంగతి ఇవాళ చెప్పుకుందాం.

టేపంటే పలచని పట్టీ మీద ఇనుప తుప్పులాంటి పొడి పూత, అంతే. జర్మనీలో ఫ్లాయ్‌మర్ అనే ఆయన 1928లో కాగితం పట్టీకి ఈ పూత పూసి శబ్దాన్ని పట్టాడు. హెడ్డులోని అయస్కాంతం ఆ రేణువుల్ని ఇటూ అటూ తిప్పుతుంది. ఆ తిరుగుడు గుర్తులతోనే కంప్యూటర్ ఒకట్లూ సున్నలూ రాసుకుంటుంది.

1951లో అమెరికా జనాభా లెక్కల శాఖ తీసుకున్న యూనివాక్ కంప్యూటర్‌కు అర అంగుళం వెడల్పు లోహపు టేపు ఉండేది. మరుసటి ఏడు ఐబీఎం వారు 726 అనే యంత్రంతో ప్లాస్టిక్ టేపు తెచ్చారు. అంగుళానికి 100 అక్షరాలు. ఒక్క చుట్టలో సుమారు 20 లక్షలు. 80 అక్షరాలు పట్టే చిల్లుల కార్డులైతే పాతిక వేలు కావాలి!

చిక్కెక్కడంటే, చుట్ట బరువు, టేపు సున్నితం. కంప్యూటర్ కాస్త చదివి ఆగుతుంది, మళ్ళీ చటుక్కున లాగుతుంది. నిండు బొక్కెనను ఒక్క గుంజు గుంజితే పాత తాడు ఏమవుతుందో మీకు తెలుసు కదండీ. అందుకని చుట్టకూ హెడ్డుకూ మధ్య పొడుగాటి గొట్టాల్లో టేపును వదులుగా దించి, కిందినుంచి గాలి పీల్చేవారు. కుదుపంతా ఆ వదులు మీద పడేది. పాత సినిమాల్లో ఆ చుట్టలు ఆగి ఆగి గిర్రున తిరిగేది అందుకే.

టేపు నడిమధ్య ఒక్క ఖాతా దిద్దడం కుదరదు. పాత టేపు చదువుతూ, మార్పులు కలుపుతూ, మొత్తం కొత్త టేపు రాయాలి. పాతది పారెయ్యరు. కొత్తది కొడుకు, పాతది తండ్రి, దాని ముందుది తాత. కొడుకు చెడితే తండ్రి నుంచి మళ్ళీ తయారు చేసుకోవచ్చు. అమ్మమ్మ, అమ్మ, కూతురు అని ఎందుకు అనలేదో, ఆ పేర్లు పెట్టినవాళ్ళనే అడగాలి! చుట్ట వెనక ప్లాస్టిక్ ఉంగరం ఒకటి ఉండేది. అది ఉంటేనే యంత్రం రాస్తుంది, తీసేస్తే చదవడమే.

ఇంత జాగ్రత్తలోనూ నష్టాలు జరిగాయి. 1969లో చంద్రుడి మీద మనిషి దిగినప్పటి అసలు సంకేతాల టేపులు, టేపుల కొరతలో చెరిపి మళ్ళీ వాడేసి ఉంటారని 2009లో నాసా తేల్చింది.

మన దగ్గరికి వద్దాం. 1972లో ఎగిరిన మొదటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహంలో ఒక టేపు రికార్డరు కొద్ది రోజులకే చెడింది. రికార్డరు లేకపోతే ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చినప్పుడే కిందినుంచి పట్టుకోవాలి. 1979లో షాద్‌నగర్ దగ్గర అలాంటి కేంద్రం పెట్టారు. అది పట్టిన చిత్రాలు టేపుల మీదే కంప్యూటర్లకు చేరేవి. భూపాలపల్లి అడవి అప్పుడెంత, బొగ్గు గనులు వచ్చాక మిగిలిందెంత అని రేపు మీ మనవరాలు అడిగితే, సాక్ష్యం చెప్పగలిగేవి అలాంటి పాత చిత్రాలే. టేపు చెడకముందే కొత్తదానికి ఎక్కించుకుంటూ పోతేనే సుమా.

ఇక మీ క్యాసెట్. దాని వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. వాటిని విరిచేస్తే రికార్డు మీట పడదు. పెద్ద టేపుకు ఉంగరం తీసినట్టే. ఇవాళే విరవండి. బూజు పట్టినదాన్ని ఇంట్లో ఆడించకండి, తెలిసినవాళ్ళకివ్వండి. బాగున్నదాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, రెండో ప్రతి అక్కగారింట్లో ఉంచండి.