క్లచ్ తొక్కినా ట్రాలీ ఆగొద్దు!

కంచన్‌బాగ్, హఫీజ్‌బాబానగర్, సంతోష్‌నగర్ గల్లీల్లో ఎక్కడైనా పాత ఇల్లు కూల్చితే ఆ మట్టీ, ఇటుక పెళ్లలూ బయటికి పోవాలంటే ఇప్పటికీ ట్రాక్టరే దిక్కు. లారీ ఆ మూలల్లో తిరగదు. మా బావ చేసేది ఆ పనే. గల్లీలో ట్రాలీ నింపుకోవడం, కూల్చిన ఇళ్ల వ్యర్థాలను రీసైకిల్ చేసే ఫతుల్లాగూడ ప్లాంటుకో, పునాది గుంత పూడ్చుకునే వాళ్ల దగ్గరికో తోలడం. బండి పాత మాస్సీ ఫెర్గూసన్ 1035. ఇంజన్ ఇంకా గట్టిగానే ఉంది. చిక్కంతా ట్రాలీని లేపే దగ్గరే.

గుంత దగ్గర ట్రాలీని సగం లేపగానే పెళ్లలు వెనక కుప్ప పడతాయి. ఆ కుప్పకు వెనక తలుపు ఆనుకుని మిగతా లోడు జారదు. బండి రెండు అడుగులు ముందుకు కదలాలి, ట్రాలీ ఇంకా లేస్తూ ఉండాలి. గేరు వేయాలంటే క్లచ్ తొక్కాలి. తొక్కగానే లేవడం ఆగిపోతుంది. సగం లేచిన లోడుతో, ఎగుడు దిగుడు మట్టి మీద, అలా ఆగి ఆగి కదిలే బండి పక్కకు ఒరిగితే ఏమవుతుందో ట్రాక్టర్ తోలినవాళ్లకు చెప్పక్కర్లేదు. అందుకే బావ ఇద్దరు కూలీలను పెట్టుకుని పారలతో దింపించేవాడు. ఈలోగా చిన్న టిప్పర్లు వచ్చి పనిని ఎగరేసుకుపోతున్నాయి. ‘‘అమ్మేద్దామా బామ్మర్దీ? ఇనుము రేటుకు అడుగుతున్నరు’’ అన్నాడో రోజు.

క్లచ్‌కూ నూనెకూ ఏమిటి సంబంధం? పాత మాస్సీల్లో హైడ్రాలిక్ పంపు ఇంజన్ దగ్గర ఉండదు, వెనక గేర్ల పెట్టెలో నూనెలో మునిగి ఉంటుంది. దాన్ని తిప్పేది పీటీఓ షాఫ్టు. సింగిల్ క్లచ్ బండిలో ఆ షాఫ్టుకు శక్తి క్లచ్ దాటాకే అందుతుంది. క్లచ్ తొక్కితే చక్రాలతో పాటు పంపూ ఆగుతుంది. ఇంజన్ తిరుగుతున్నంతసేపూ, గేరుతో, క్లచ్‌తో నిమిత్తం లేకుండా నూనె సిద్ధంగా ఉంటే దాన్ని లైవ్ హైడ్రాలిక్స్ అంటారు.

ఇది కొత్త గొడవేం కాదు. మూడు కొక్కేల లింకేజీని ప్రపంచానికిచ్చిన హ్యారీ ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డ్‌తో చేయి కలిపాక 1939లో ఫోర్డ్ 9ఎన్ వచ్చింది. అందులోనూ ఇదే ఏర్పాటు, ఇదే ఇబ్బంది. ఫోర్డ్ 1953 మోడల్‌లో పంపును ఇంజన్‌తోనే తిప్పించింది. ఫెర్గూసన్ వైపు వాళ్లు ఇంకో దారి పట్టారు. 1956లో వచ్చిన 35 మోడల్‌లో రెండంచెల క్లచ్ పెట్టారు. పెడల్ సగం తొక్కితే చక్రాలు ఆగుతాయి, పూర్తిగా తొక్కితేనే పంపు ఆగుతుంది. మన దగ్గర డ్యూయల్ క్లచ్ అంటున్నది దాన్నే. 1960లో మద్రాసులో మొదలైన టాఫే తయారుచేసిన 1035లలో సింగిల్ క్లచ్‌వీ, డ్యూయల్ క్లచ్‌వీ రెండూ ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు రంగు, టైర్లు చూస్తారు కానీ ఈ సంగతి అడగరు.

సింగిల్‌ను డ్యూయల్‌గా మార్చొచ్చు కదా అంటే, దానికి బండిని నడుం దగ్గర రెండు ముక్కలు చేయాలి. క్లచ్ ప్లేట్లు మార్చితే సరిపోదు, గేర్‌బాక్స్‌లోకి వెళ్లే షాఫ్టులు కూడా వేరు. పాత బండికి అంత పని దండగని మా ఉస్తాద్ ముందే కొట్టిపారేశాడు. ఇక్కడో మాట. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని, బీడీఎల్... కంచన్‌బాగ్ గోడల వెనక క్షిపణులూ, వాటికి కావాల్సిన లోహాలూ తయారవుతాయి. గోడ బయట, రేకుల షెడ్డులో, ఉస్తాద్ పాత జేసీబీ పంపులు విప్పి బాగుచేస్తాడు. ఎంత చదివాడని అడిగితే నవ్వుతాడు. లెక్క మాత్రం తప్పడు.

‘‘పంప్ సామ్నే లగాయిద్దాం సాబ్. ఇంజన్ తిరిగితే పంప్ తిరుగుతది. క్లచ్ తొక్కు, తొక్కకపో, దానికేం ఫికర్ లేదు’’ అన్నాడు.

అంటే రేడియేటర్ కింద, ముందు యాక్సిల్ దిమ్మ దగ్గర, గేర్ పంపు బిగించి దాన్ని క్రాంక్ షాఫ్టు ముక్కుకే కలపడం. ఫ్యాన్ బెల్టుతో తిప్పుకోవచ్చుగా అని బావ అడిగాడు. ఉస్తాద్ బొగ్గుముక్కతో గోడ మీద లెక్క రాశాడు. ఒక చుట్టుకు 16 సీసీ నూనె తోసే పంపు, ఇంజన్ 1500 చుట్లు తిరిగితే నిమిషానికి 24 లీటర్లు ఇస్తుంది. ట్రాలీ సిలిండర్ లోపలి వెడల్పు 100 మిల్లీమీటర్లు, పొడవు మీటరు అనుకుంటే అది నిండడానికి దాదాపు 8 లీటర్లు కావాలి. అంటే ఇరవై సెకన్లలో ట్రాలీ పూర్తిగా లేస్తుంది. 150 బార్ ఒత్తిడి దగ్గర ఆ సిలిండర్ తోసే బలం 11 టన్నుల పైమాటే. ఇంతకీ ఇంజన్ నుంచి అది గుంజుకునేది ఎంత? లీటర్లను బార్లతో హెచ్చవేసి 600తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. ఇక్కడ 6 కిలోవాట్లు, అంటే 8 హార్స్ పవర్. నష్టాలు కలుపుకుంటే తొమ్మిదో, పదో. నీళ్ల పంపునూ, డైనమోనూ తిప్పే ఆ సన్న బెల్టు ఇంత బరువును మోయలేదు, జారుతుంది. లావు బెల్టులు వేస్తే క్రాంక్‌ను పక్కకు లాగుతాయి. నేరుగా కలిపితే ఆ బాధ లేదు.

ఇంకా పెద్ద పంపు వేయించమని బావ పట్టుబట్టాడు. నాకైతే అదొక మోజులా అనిపించింది. లేపేది ఇటుక పెళ్లలు, సర్కస్ ఏనుగు కాదు. బలం పంపు సైజుతో రాదు, ఒత్తిడితోనూ సిలిండర్ వెడల్పుతోనూ వస్తుంది. పెద్ద పంపుతో పెరిగేది వేగమొక్కటే, దాంతో పాటు ఇంజన్ మీద బరువూ.

పంపు కొనేటప్పుడు తిరిగే దిక్కు చూడాలి. ఇంజన్‌ను ముందు నిలబడి చూస్తే క్రాంక్ గడియారం ముల్లు వైపు తిరుగుతుంది. పంపు మూతి ఇంజన్ వైపు పెట్టి బిగిస్తాం కాబట్టి, పంపు షాఫ్టు వైపు నుంచి చూస్తే అదే తిరుగుడు ఎదురు దిక్కు అవుతుంది. కాబట్టి ఎడమ తిరుగుడు పంపు కావాలి. దిక్కు తప్పితే లోపలికి పీల్చాల్సిన వైపు ఒత్తిడి పుట్టి నిమిషాల్లో సీలు ఎగిరిపోతుంది. రాణిగంజ్‌లో పంపు తీసుకునే ముందు ఉస్తాద్ దాని షాఫ్టును చేత్తో తిప్పి, ఏ రంధ్రానికి వేలు అంటుకుంటోందో చూసి మరీ కొన్నాడు.

షాఫ్టు, బ్రాకెట్టు పని కాటేదాన్‌లోని లేత్ దగ్గర చేయించాం. అసలు ఖర్చు అక్కడే అయింది. క్రాంకూ, పంపూ ఒకే గీతలో లేకపోతే రెంటి బేరింగులూ పోతాయి. మధ్యలో రబ్బరు స్టార్ ఉన్న కప్లింగ్ వేశారు, వెంట్రుకవాసి తేడాను అది సర్దుకుంటుంది. అంతకు మించి తేడా ఉంటే రబ్బరు పొడిపొడి అవుతుంది.

గేర్‌బాక్స్ నూనెతో ఈ ట్రాలీకి పొత్తు పెట్టలేదు, వేరే ట్యాంకు పెట్టించాం. ఇంతకుముందు ట్రాలీ లేచినప్పుడల్లా ఆ 8 లీటర్లూ గేర్‌బాక్స్‌లోంచే పోయేవి. నూనె మట్టం దిగి పంపు గాలి పీల్చేది. పైగా గొట్టాలు విప్పి బిగించినప్పుడల్లా గల్లీ దుమ్మంతా గేర్లలోకి. ఇప్పుడు 40 లీటర్ల ట్యాంకు, పంపు కన్నా ఎత్తులో. పీల్చే గొట్టం లావుగా, పొట్టిగా ఉండాలి. సన్నగా ఉంటే పంపులో గులకరాళ్లు తిరిగినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు వచ్చిందంటే పంపుకు ఆయుష్షు మూడినట్టే. తిరుగు గొట్టానికి ఫిల్టరు, వాల్వుకు 150 బార్ దగ్గర తెరుచుకునే రిలీఫ్. లీవరు మధ్యలో ఉన్నప్పుడు నూనె ఏ ఒత్తిడీ లేకుండా ట్యాంకులోకి తిరిగిపోయే రకం వాల్వే వేయాలి. లేకపోతే పంపు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది కాబట్టి గంటలో నూనె పొయ్యి మీద పెట్టినట్టు కాగుతుంది.

డబ్బు మిగుల్చుకోకూడని చోట్లు రెండున్నాయి. సిలిండర్ మూతి దగ్గర గొట్టం పగిలితే నూనెను పట్టి ఆపే చిన్న వాల్వు ఒకటి. అది లేకపోతే లేచిన ట్రాలీ దభాలున పడుతుంది. రెండోది ట్రాలీ కింద నిలబెట్టే ఇనుప దిమ్మ. అది పెట్టకుండా లేచిన ట్రాలీ కిందికి ఎవ్వరూ దూరకూడదు. లీకు వెతకడానికి వేలు పెట్టే అలవాటు మన మెకానిక్కుల్లో చాలామందికి ఉంది. 150 బార్ దగ్గర సూది మొనంత రంధ్రంలోంచి వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకుని కండలోకి పోతుంది. పైకి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది, నొప్పి కూడా మొదట పెద్దగా తెలియదు. కానీ వెంటనే ఆస్పత్రికి వెళ్లి ఆపరేషన్ చేయించుకోకపోతే వేలే పోవచ్చు. అట్టముక్క అడ్డం పెట్టి చూస్తే సరిపోతుంది. ఇక గల్లీల్లో ట్రాలీ లేపే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడాలి.

బండి కదిలేటప్పుడు పూర్తిగా లేపొద్దని ఉస్తాద్ బావతో ఒట్టు వేయించుకున్నాడు. సగం లేపు, చదును నేల చూసుకుని తక్కువ గేరులో రెండు అడుగులు జరుపు, ఆపి మిగతాది లేపు అన్నాడు. ఇప్పుడు ఆ రెండు అడుగుల్లోనే లోడు జారిపోతోంది. పారల కూలీలు గుంత దగ్గరికి రావడం లేదు, గల్లీలో నింపే పనికే ఉంటున్నారు. టిప్పర్లవాళ్ల కన్నా రేటు కాస్త తగ్గించి చెప్పగలుగుతున్నాడు బావ. అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

వెనక లిఫ్టును మాత్రం ముట్టుకోలేదు. క్లచ్ తొక్కితే అది ఇప్పటికీ ఆగుతుంది. వానాకాలం ఊళ్లో పదిరోజులు దున్నడానికి ఆ మాత్రం చాలంటాడు బావ.