నీ వంతు, నా వంతు

"పిలిస్తే పలకడు, తోటిపిల్లలతో కలవడు, అంతా గారాబం" అని చుట్టాలంటే ఆ తల్లి మనసెంత నొచ్చుకుంటుందో! ఆటిజం పెంపకం లోపం కాదమ్మా. మిగతా పిల్లలు చూసి నేర్చుకునేవి వీళ్ళకు విడమరిచి నేర్పాలి.

మన వామనగుంటలే తీసుకోండి. మొదట రెండే గుంటలు, నాలుగు చింతగింజలు. "నీ వంతు" అంటూ చేతికివ్వండి, "నా వంతు" అంటూ మీరు వేయండి. గింజలు నోట్లో పెట్టుకునే పిల్లలైతే గిన్నెల్లో ఉల్లిగడ్డలు వేయించండి. రోజూ ఐదు నిమిషాలు చాలు. కళ్ళలోకి చూడమని బలవంతపెట్టకండి. చెవులు మూసుకుంటే ఆ పూటకు ఆపేయండి. అలవాటయ్యాక అక్కనో, పక్కింటి పిల్లనో జతచేయండి.

మన మెదక్ నుంచి సికింద్రాబాద్ వెళితే, మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది. అక్కడ నిపుణులను అడగవచ్చు.

ఇరుగుపొరుగు అమ్మలూ, ఆ పిల్లాణ్ణి ఆటకు పిలవండి. వంతు వచ్చేదాకా ఆగడం మన పిల్లలకూ వస్తుంది.