రిజిస్ట్రేషన్ అయింది సరే... ఇల్లు మనదేనా?

రాజమహేంద్రవరంలో అపార్ట్‌మెంటు కొన్నా, భీమవరం శివార్లలో స్థలం కొన్నా, అమలాపురం దగ్గర పాత పెంకుటిల్లు కొన్నా, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లు దిగేటప్పుడు అందరి నోటా ఒకటే మాట: "హమ్మయ్య, ఇక మనదైపోయింది!" వేలిముద్రలు వేశారు, ఫొటోలు దిగారు. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర శాతం కట్టారు. ఇంత కట్టించుకున్న ప్రభుత్వం ఆ ఇల్లు వాళ్లదేనని పూచీ పడిందా? పడలేదు.

1908 నాటి చట్టం కింద రిజిస్టరయ్యేది దస్తావేజు, హక్కు కాదు. ఫలానావారు ఫలానావారికి ఈ కాగితం రాసిచ్చారని నమోదు చేయడం వరకే సబ్ రిజిస్ట్రార్ పని. రాసిచ్చినాయనకు అసలు అమ్మే హక్కుందా అన్నది తేల్చే బాధ్యత ఆయనది కాదు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సంగతే మళ్లీ చెప్పింది. హక్కు రుజువులు చూపలేదని రిజిస్ట్రేషన్ నిరాకరించే వీలు కల్పించిన తమిళనాడు నిబంధనను కొట్టేసింది.

ఇంగ్లండ్‌లో కథ వేరు. అక్కడ ల్యాండ్ రిజిస్ట్రీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. ఆ నమోదులో పొరపాటు వల్ల ఎవరైనా నష్టపోతే పరిహారం ఇచ్చే ఏర్పాటూ చట్టంలోనే ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లో ఇలాంటి పద్ధతిని చట్టంగా తెచ్చాడు. మన రాష్ట్రమూ ఆ దారి పట్టాలని చూసింది. ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కు చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. తగాదాలు సివిల్ కోర్టుల చేతిలోంచి అధికారుల చేతిలోకి పోతాయని లాయర్లు రోడ్డెక్కారు. 2024 ఎన్నికల్లో ఊరూరా అదే చర్చ. కొత్త ప్రభుత్వం వచ్చాక జులైలో అసెంబ్లీ ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఆలోచన మంచిదే కావచ్చు, కోర్టు తలుపు మూసి తేవాలనుకోవడంతోనే చెడింది. మొత్తానికి వెతుక్కునే భారం మళ్లీ కొనేవాడి నెత్తినే పడింది.

డెల్టాలో ఆ వెతుకులాట ఎక్కువగా ఆడపడుచుల సంతకం దగ్గర ఆగుతుంది. తాత సంపాదించిన ఇల్లు, తండ్రి పోయాడు, అమ్ముతున్నది కొడుకు. "చెల్లెళ్లకి పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చేశామండీ, వాళ్లకేం సంబంధం లేదు" అంటాడు. సంబంధం ఉండొచ్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. ఆ చట్టం వచ్చేనాటికి తండ్రి బతికే ఉండాలన్న నియమం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలను, రిజిస్టరైన లేదా కోర్టు డిక్రీతో అయిన పంపకాలను మాత్రం తిరగదోడరు. ఇక ఆస్తి తండ్రి స్వార్జితమై, వీలునామా రాయకుండా పోతే కూతుళ్లకు వాటా 1956 నుంచీ ఉంది. అందుకే కాస్త అనుభవమున్న దస్తావేజు లేఖరి ఎవరైనా ముందు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడుగుతాడు, తర్వాత అక్కచెల్లెళ్లందరినీ సంతకాలకు రమ్మంటాడు.

ఈసీ తీయించాం, ఏ లావాదేవీ లేదని వచ్చింది అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. ఈసీలో, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనిపించేది రిజిస్టరైన లావాదేవీలే. నోటిమాట పంపకాలు, బీరువాలో ఉన్న రిజిస్టరు కాని వీలునామా అందులోకి ఎక్కవు. రెండు సాక్షి సంతకాలుండి, సరిగా రాసిన వీలునామా రిజిస్టరు కాకపోయినా చెల్లుతుంది మరి!

లింకు డాక్యుమెంట్లు తిరగేసేటప్పుడు షెడ్యూలు దగ్గర కాసేపు కూర్చోవాలి. పాత దస్తావేజులో మండలం ఉండదు, తాలూకా ఉంటుంది, మండలాలొచ్చింది 1985లో. ఆర్.ఎస్. నెంబరు కింద హద్దులు: తూర్పు పుంత, దక్షిణం ఫలానావారి కొబ్బరితోట, పడమర బోదె, ఉత్తరం కాలువగట్టు. ఆ తోట ఇప్పుడు రొయ్యల చెరువై ఉండొచ్చు, బోదె పూడిపోయి ఉండొచ్చు. పూడినంత మాత్రాన అది పక్కవాడి సొంతం కాదు. పుంతా అంతే. గోడ రెండడుగులు పుంతలోకి జరిగితే ఆ రెండడుగులకు కాగితం లేనట్టే. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులవైపే మొగ్గుతాయి కాబట్టి, గొలుసు పట్టించి కొలిపించకుండా అడ్వాన్సు ఇవ్వడం దండగ. సెంటుకు 48.4 గజాల చొప్పున లెక్క ఇంట్లో కూర్చునే వేసుకోవచ్చు.

సర్వే నెంబరు రిజిస్ట్రేషన్ నిషేధించిన 22-ఏ జాబితాలో ఉందేమో కూడా చూడాలి. దేవాలయ మాన్యాలు, ప్రభుత్వ భూములు, వక్ఫ్ ఆస్తులు, అసైన్డ్ పట్టాలు అందులో ఉంటాయి. సత్రాలకూ గుళ్లకూ ధారాళంగా మాన్యాలు రాసిచ్చిన జిల్లాలివి. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్మకం అన్నారా? దానితో యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పేసింది.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ప్రశ్నలు ఇంకో రకం. ఎన్నారై ఇక్కడ ఇల్లు, ఫ్లాటు ఎన్నయినా కొనొచ్చు. సాగు భూమి, తోట, ఫామ్‌హౌస్ మాత్రం విదేశీ మారక చట్టం (ఫెమా) నిబంధనల ప్రకారం కొనకూడదు. తండ్రి నుంచి వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మదలిస్తే కొనేవాళ్లు ఇండియాలో నివసించే భారత పౌరులే అయ్యుండాలి. తాతల నాటి కొబ్బరితోటను డాలస్‌లో ఉన్న బావమరిదికి అమ్ముదామంటే కుదరదు.