సేవా సంఘంలో అందరికీ చోటుందా?

1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెనను దివిసీమ, బందరు ప్రాంతాల పెద్దలు ఈనాటికీ మరువలేదు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన కెరటం ఊళ్ల మీద విరుచుకుపడింది. అధికార లెక్కల ప్రకారమే దాదాపు 10 వేల మంది మరణించారు. బాధితులను ఆదుకోవడానికి రామకృష్ణ మిషన్ వారు వచ్చారు. క్రైస్తవ సేవా సంస్థలు వచ్చాయి. విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలూ వచ్చారు. విశ్వాసాలు వేరైనా అందరూ ఆ బురదలోనే నిలబడి పనిచేశారు. 2004 డిసెంబర్ 26న సునామీ మంగినపూడి తీరాన్నీ తాకింది. సముద్రం పక్కన బతికే మనకు సేవా సంఘాల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

సహాయం అందరికీ చేయాలన్న మాటను ఎవరూ కాదనరు. అయితే ఆ సహాయం ఎవరికి, ఎలా అందాలో నిర్ణయించే చోట ఎవరెవరు కూర్చుంటున్నారు? ఈ ప్రశ్న వేసుకునే సంఘాలు తక్కువ.

ప్రవక్త (స) మెచ్చిన ఒప్పందం

దైవప్రవక్త ముహమ్మద్ (స) వారికి ప్రవక్త పదవి లభించక ముందటి సంగతి. యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుని సరుకు కొన్న మక్కా ప్రముఖుడు డబ్బు ఎగవేశాడు. పరాయి ఊరివాడైన ఆ వర్తకునికి అండగా నిలిచేవారు లేకపోయారు. అప్పుడు కొన్ని తెగల వారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమయ్యారు. అన్యాయానికి గురైనవాడు మక్కావాసి అయినా, పరాయివాడైనా అతని పక్షాన నిలబడతామని ప్రమాణం చేశారు. ఇదే 'హిల్ఫుల్ ఫుజూల్'. ఆ సమావేశంలో యువకుడైన ముహమ్మద్ (స) కూడా ఉన్నారు. ఇస్లాం వచ్చిన తరువాత కూడా, అలాంటి ఒప్పందానికి ఎవరైనా పిలిస్తే వెళతానని ఆయన చెప్పారు. మంచి పనికి ఇతరులతో చేయి కలపడానికి ఇంతకంటే ఆధారం ఏం కావాలి?

మదీనా సమాజంలో

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) అంధులు. ప్రవక్త (స) ఆయనకు అజాన్ పలికే బాధ్యత అప్పగించారు. తాము ప్రయాణమైనప్పుడు మదీనాలో తమ ప్రతినిధిగా నియమించారు. కందక యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను వైద్యసేవ కోసం పంపింది ఒక స్త్రీ గుడారానికి. ఆమే హజ్రత్ రుఫైదా (రజి). మస్జిద్ ఊడ్చే ఒక నల్లజాతి స్త్రీ చనిపోతే, అది చిన్న విషయమనుకొని సహచరులు ప్రవక్త (స)కు తెలియజేయలేదు. తెలిసిన వెంటనే ఆయన ఆమె సమాధి వద్దకు వెళ్లి జనాజా నమాజ్ చేశారు. మనుషులను జాతులుగా, తెగలుగా చేసింది పరస్పరం ఎరిగి ఉండడానికేనని, దైవభీతి గలవారే గౌరవనీయులని ఖుర్ఆన్ (49:13) బోధిస్తోంది.

మన కమిటీల సంగతి

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. చాలా సంఘాల్లో నాలుగైదు కుటుంబాల వారే పదవుల్లో ఉంటారు. మాటలు ఉర్దూలో సాగితే, ఇంట్లో తెలుగే మాట్లాడే నూర్‌బాషా సోదరుడు మూల కూర్చొని వింటాడు. కుర్చీలు వేయడానికి, బస్తాలు మోయడానికి మాత్రం అతన్ని పిలుస్తారు. స్త్రీలను చందాకు అడుగుతారు గానీ సలహాకు అడగరు.

దీనివల్ల నష్టపోయేది బాధితులే. తుపాను వేళ షెల్టరులో ఉన్న ఆడపడుచు తనకు కావలసినవి మగ కార్యకర్తకు చెప్పుకోలేదు. నడవలేని వృద్ధుడు వరుసలో నిలబడలేడు. రోడ్డుకు దూరంగా ఉన్న యానాదుల పేటకు దారి తెలిసినవాడు బృందంలో లేకపోతే బియ్యం బండి అక్కడి దాకా పోదు. ఇచ్చేవారి మనసు మంచిదే అయినా చేయవలసిన మేలు సగంలో ఆగిపోతుంది.

ఏం చేయవచ్చు?

సమావేశం అందరికీ అర్థమయ్యే భాషలో, అంటే తెలుగులోనూ జరపాలి. లెక్కలు తెలుగులో రాసి గోడకు అంటించాలి. స్త్రీలకు వీలైన వేళలో, పర్దాకు భంగం లేని చోట సమావేశం పెట్టి, జాబితా తయారీలోనే వారికి ఓటు ఇవ్వాలి. జాలరి పేట నుంచి, యానాదుల నుంచి, వికలాంగుల నుంచి కూడా సభ్యులుండాలి. ఇతర మతస్థులు చేరితే జకాత్ మాటేమిటని కొందరి సందేహం. జకాత్‌కు ఖుర్ఆన్ (9:60) 8 పద్దులు నిర్ణయించింది. ఆ ఖాతాను విడిగా ఉంచి, సదఖా, విరాళాల సొమ్మును ఇరుగుపొరుగు వారందరి కోసం ఖర్చు చేయవచ్చు.

ఈ శుక్రవారం నమాజ్ తరువాత మీ సంఘం సభ్యుల పేర్లు ఒకసారి చదవండి. మీ వీధిలో ఉండీ ఆ పట్టీలో లేనివారు ఎవరో గమనించండి. వారింటికి వెళ్లి, సహాయం కావాలా అని కాక, మాతో కలిసి పనిచేస్తారా అని అడగండి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.