తమ్ముడి భర్త ఏ వరస?



మన యిళ్ళలో కొత్తవారు గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు తేల్చుకునేది వరస. పిన్నా, అత్తా, బావా, మరిదా అన్నది తెలిస్తే గాని మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ ఏమని పిలవాలో తోచదు. మరి ఏ వరసకూ అందని చుట్టం సముద్రాలు దాటి వస్తేనో? అటువంటి చుట్టం గురించిన జపాను కథను యీవేళ మీకు పరిచయం చేస్తాను.

జపానులో బొమ్మల కథలను మాంగా అంటారు. అవి పిల్లలకే అనుకునేరు! ఆడవాళ్ళకు, ఉద్యోగస్తులకు, అందరికీ వేర్వేరు పత్రికలున్నాయక్కడ. గెంగొరో తగామె అనే ఆయన రాసి, బొమ్మలు గీసిన యీ కథ పేరు 'ఒతోతో నో ఒత్తో'. అంటే 'తమ్ముడి భర్త' అన్నమాట. 2014 నుంచి 2017 దాకా వొక మాసపత్రికలో ధారావాహికగా వచ్చి, నాలుగు సంపుటాలైంది.

యాయిచి అనే ఆయన భార్యతో విడిపోయి, చిన్నారి కూతురు కానాను తానే పెంచుకుంటున్నాడు. వంటా, బడికి పంపడం అన్నీ ఆయనవే. ఆయన కవల తమ్ముడు ర్యోజి కెనడా వెళ్ళి, మైక్ అనే పురుషుణ్ణి పెళ్ళాడాడు. ఆ దేశంలో 2005 నుంచి యిద్దరు మగవాళ్ళ పెళ్ళి, యిద్దరు ఆడవాళ్ళ పెళ్ళి చట్టబద్ధం. ర్యోజి చనిపోయాక, భర్త పుట్టి పెరిగిన వూరు చూడాలని మైక్ జపాను వస్తాడు. తలుపు తీసిన యాయిచి అచ్చంగా పోయినవాడి పోలికే! ఆ ముఖం చూసి మైక్ ఆగలేక కౌగిలించుకుంటాడు.

చిత్రమేమిటంటే, కెనడాలో భర్త అయిన మనిషి జపానులో దిగగానే 'తమ్ముడి స్నేహితుడు' అయిపోతాడు. తెలిసినవారు అడిగితే యాయిచి అలాగే చెప్పి తప్పించుకుంటాడు. ఆయన దుర్మార్గుడు కాదు. తమ్ముడు తన మనసు చెప్పిననాడు తిట్టలేదు, కొట్టలేదు. వూరికే మౌనం వహించాడు. ఆ మౌనమే అన్నదమ్ముల మధ్య అగాధమైంది.

కానాకు యీ తడబాటు లేదు. "మీ యిద్దరిలో భర్త ఎవరు, భార్య ఎవరు?" అని అడిగేస్తుంది. యిద్దరమూ భర్తలమే అంటాడు మైక్. పసిదానికి సందేహం తీరిపోయింది! కాని తోటి పిల్ల తల్లి తన బిడ్డను ఆ యింటికి పోనివ్వదు. బడిలో కానా మైక్ కబుర్లు చెబుతోందని ఉపాధ్యాయుడు తండ్రిని పిలిపిస్తాడు. తోటివాళ్ళు ఏడిపిస్తారేమోనని ఆయన భయం. ఏడిపించడమే తప్పు, దాన్ని మాన్పించవలసింది బడేనని యాయిచి గట్టిగా నిలబడతాడు. మౌనంగా వుండిపోయిన మనిషికి నోరు రావడమే యీ కథంతా.

2018లో యీ కథకు అమెరికాలో ఐస్నర్ బహుమతి వచ్చింది. అదే యేడు జపాను ప్రజా ప్రసార సంస్థ ఎన్.హెచ్.కె. దీన్ని టెలివిజన్ నాటకంగా ప్రసారం చేసింది. మైక్ వేషం వేసినాయన ఎస్తోనియా దేశం నుంచి వచ్చిన మాజీ సుమో వస్తాదు బరుతో.

టోకియోలోని షిబుయా వార్డు 2015లో యిటువంటి జంటలకు ధృవపత్రాలు యివ్వడం మొదలుపెట్టింది. కాని అది పెళ్ళి కాదు, దానితో వారసత్వం రాదు. మన దేశంలో సుప్రీంకోర్టు 2018లో యిటువంటి అనుబంధం నేరం కాదన్నది. 2023లో మాత్రం పెళ్ళి సంగతి చట్టసభలు తేల్చాలన్నది.

చట్టం సంగతి అలా వుంచండి. మన పిల్లలూ కెనడా, అమెరికాలలో వున్నారు కదా! రేపు మనబ్బాయో, పక్కింటి వారమ్మాయో తన జంటను వెంటబెట్టుకుని వస్తే, "ఫ్రెండట" అని వీధివారికి చెప్పి లోపలికి పోతామా? 'తమ్ముడి భర్త'కు మన భాషలో మాట లేకపోవచ్చు. పీట వేసి, "నిన్నేమని పిలవమంటావు నాయనా?" అని అడగడానికి మాటలున్నాయి. ఆ పిలుపు కోసమే మైక్ అంత దూరం ప్రయాణం చేశాడు.