నిత్యజీవన ఛాయాచిత్రణ

నిత్యజీవన ఛాయాచిత్రణ అనగా సామాన్య ప్రజల రోజువారీ జీవితాన్ని, ఏ విశేషమూ లేనట్లు కనిపించే వీధులను, ఇళ్ళను, పనిపాటులను ఉన్నవి ఉన్నట్లుగా ఫోటోలలో నమోదు చేసే ప్రక్రియ. ఉత్సవాలు, ప్రముఖుల పర్యటనలు, వార్తా సంఘటనలు దీని ప్రధాన విషయాలు కావు. బోరింగు దగ్గర బిందెల వరుస, బస్సు కోసం ఎదురుచూసే ప్రయాణికులు, రచ్చకట్ట మీద కూర్చున్న వృద్ధులు, మగ్గం ముందు నేతగాడు వంటివి దీనికి వస్తువులు. తీసిన నాడు ఇటువంటి చిత్రాలకు పెద్ద విలువ ఉన్నట్లు తోచదు. ఆ దృశ్యం కనుమరుగైన తరువాత అవే చరిత్రకు ఆధారాలవుతాయి. ఇరవయ్యవ శతాబ్దంలో ఉత్తర ఇంగ్లాండులోని పారిశ్రామిక పట్టణాలు ఈ ప్రక్రియకు ప్రసిద్ధి పొందాయి. తెలుగునాట కృష్ణా, తుంగభద్ర నదుల పరిసరాలలోని నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల అనుభవం దీని అవసరాన్ని స్పష్టంగా తెలుపుతుంది.

ఉత్తర ఇంగ్లాండు పట్టణాలలో

1937లో టామ్ హారిసన్, చార్లెస్ మాడ్జ్, హంఫ్రీ జెన్నింగ్స్ అనేవారు ఇంగ్లాండులో మాస్ అబ్జర్వేషన్ అనే సంస్థను స్థాపించారు. హారిసన్ అంతకు ముందు పసిఫిక్ మహాసముద్ర ద్వీపాలలోని ప్రజల జీవితాన్ని పరిశీలించినవాడు. దూరదేశపు ప్రజలను పరిశీలించినట్లే స్వదేశపు ప్రజలను కూడా పరిశీలించాలన్నది ఆయన ఉద్దేశం. ఇందుకు లాంకషైర్ ప్రాంతంలోని నూలుమిల్లుల పట్టణమైన బోల్టన్‌ను ఎంచుకొని, దానికి 'వర్క్‌టౌన్' అని మారుపేరు పెట్టారు. హంఫ్రీ స్పెండర్ (1910-2005) అక్కడి వీధులను, మద్యశాలలను, ఎన్నికల ప్రచారాన్ని, ఆరుబయట ఆరవేసిన బట్టలను, ఆటలాడే పిల్లలను చిన్న లైకా కెమెరాతో చిత్రించాడు. ఎవరి సహజ ప్రవర్తనా మారకూడదని కెమెరాను కోటు మాటున దాచి ఫోటోలు తీసేవాడు. ఆ చిత్రాలు నేడు బోల్టన్ మ్యూజియంలో ఉన్నాయి.

తరువాతి కాలంలో ఫిన్లాండు దేశస్థురాలైన సిర్కా లీసా కొంటినెన్ న్యూకాజిల్ నగరంలోని బైకర్ పేటలో నివాసముండి, అక్కడి కుటుంబాలను ఏళ్ళ తరబడి చిత్రించింది. పాత ఇళ్ళను కూల్చి కొత్తవి కట్టే కార్యక్రమంలో ఆ పేట రూపురేఖలు పూర్తిగా మారిపోయాయి. 1983లో వెలువడిన ఆమె పుస్తకం 'బైకర్' ఆ పాత పేటకు స్మృతిచిహ్నంగా నిలిచింది. స్పెండర్ తెలియకుండా చూసినవాడు, కొంటినెన్ కలిసి బ్రతికి చూసినది. ఈ ప్రక్రియలో ఇవి రెండు భిన్న మార్గాలు.

తెలుగునాట

హైదరాబాదు సంస్థానంలో ఛాయాచిత్రకళకు పేరు తెచ్చినవాడు రాజా దీనదయాళ్ (1844-1905). ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడిగా ఆయన రాజప్రాసాదాలను, ప్రభువులను, వేట దృశ్యాలను చిత్రించాడు. ఆ కాలంలో ఫోటో ఖర్చుతో కూడిన పని. కనుక సామాన్యుని ఇల్లు కెమెరా ముందుకు వచ్చిన సందర్భాలు తక్కువ.

ఈ ప్రాంతపు నిత్యజీవనాన్ని క్రమపద్ధతిలో నమోదు చేసినవారిలో ముఖ్యుడు ఆస్ట్రియా దేశానికి చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ (1909-1995). బోల్టన్ పరిశీలన మొదలైన మూడేళ్ళకే, అనగా 1940లో, ఆయన తన భార్య బెట్టీతో కలిసి నల్లమల అడవులలోని అమ్రాబాద్ పీఠభూమిలో చెంచుల నడుమ నివసించాడు. ఈ ప్రాంతం నేడు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. దుంపలు త్రవ్వుకోవడం, తేనె తీయడం, గుడిసె కట్టుకోవడం వంటి చెంచుల దినచర్య ఆయన పరిశోధనకు విషయమైంది. 1943లో వెలువడిన 'ది చెంచూస్' గ్రంథంలో ఆ వివరాలతో పాటు ఛాయాచిత్రాలు కూడా ఉన్నాయి. ఆయన చిత్రసంపద లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్ సంస్థలో భద్రపరచబడి ఉంది.

ఇటీవలి తరంలో వరంగల్లుకు చెందిన ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ తెలంగాణ పల్లె జీవితాన్ని తన వస్తువుగా స్వీకరించాడు. బతుకమ్మ ఆడే స్త్రీలతో పాటు పాత ఇళ్ళు, వాటి గోడలు, తలుపులు ఆయన చిత్రాలలో విశిష్ట స్థానం పొందాయి. ఆయన 2022 జనవరి 31న మరణించాడు.

శ్రీశైలం ముంపు

శ్రీశైలం జలాశయం నిండినప్పుడు 1980వ దశకం తొలి సంవత్సరాలలో ఆనాటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలోని సుమారు వంద గ్రామాలు ముంపుకు గురయ్యాయి. ముంపు ప్రాంతపు ప్రాచీన దేవాలయాలలో కొన్నింటిని విడదీసి, రాళ్ళను తరలించి, ఎత్తైన చోట తిరిగి నిర్మించారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశనం ఆలయాలు ఆ విధంగా అలంపురం చేరాయి. జటప్రోలు, సోమశిల ఆలయాలు కూడా ఇలా తరలించబడినవే.

దేవాలయాన్ని రాయి రాయిగా తరలించవచ్చును. కాని ఊరిని ఆ విధంగా తరలించలేరు. మట్టిమిద్దె, పశువుల కొట్టం, గుమ్మి, బావిగట్టు, ఏటి ఒడ్డున బట్టలుతికే బండ, ఊరికి ఊరికి మధ్య నడిచిన బండ్లబాట నీటిలోనే ఉండిపోయాయి. ముంపుకు ముందు తీసిన ఒక చిన్న నలుపు తెలుపు ఫోటోలో పెళ్ళికూతురి వెనుక పాత ఇంటి గడప కనిపిస్తే, ఆ ఇంటికి ఈనాడు మిగిలిన సాక్ష్యం అదే కావచ్చును. తీసినవారు పెళ్ళికూతురిని తీశారు. మనుమలు గడపను చూస్తారు.

మానవపాడు పరిసరాలు

మానవపాడు జోగులాంబ గద్వాల జిల్లాలోని ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరు 11కు ముందు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న ఈ భూభాగానికి నడిగడ్డ అని పేరు. సికింద్రాబాదు - డోన్ రైలుమార్గంలో మానవపాడుకు స్టేషను ఉంది. పరిసరాలలో పత్తి, మిరప సాగవుతాయి.

నిత్యజీవన ఛాయాచిత్రణకు ఇక్కడ వస్తువుల కొరత లేదు. కళ్ళాలలో ఆరబోసిన మిరపకాయలు, స్టేషనులో ప్యాసింజరు బండి కోసం వేచి ఉండే జనం, విత్తనపు పత్తి చేలలో ఒక్కొక్క పువ్వును చేతితో సంకరం చేసే కూలీలు, పీర్ల పండుగకు ముందు గుండం త్రవ్వే యువకులు ఇందుకు ఉదాహరణలు. గద్వాల చీరను ఎందరో ఫోటో తీస్తారు. దాని వెనుక కండెలు చుట్టే వృద్ధురాలిని, అచ్చు అతికే చేతులను తీసేవారు అరుదు. చీర దుకాణంలో ఎప్పుడైనా దొరుకుతుంది, మగ్గం ఆగిపోతే ఆ పని తిరిగి చూడడానికి దొరకదు.

2009 అక్టోబరులో వచ్చిన పెనువరదలో రాజోలి మొదలైన తుంగభద్ర తీరగ్రామాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. కాగితపు ఫోటో పైపొర జెలటిన్‌తో తయారవుతుంది. నీటిలో నానితే అది మెత్తబడి, ఒకదానికొకటి అంటుకొని, బొమ్మ చెరిగిపోతుంది. కనుక ఇంట్లోని పాత ఫోటోలకు స్కానింగు ద్వారా నకళ్ళు తీసి, వేరొక ఊరిలోని బంధువుల వద్ద కూడా ఉంచడం మంచిది.

చిత్రంతో పాటు వివరం

ఊరు, తేదీ, చేస్తున్న పని, అందులోని వ్యక్తుల పేర్లు తెలియని ఫోటో కొంతకాలానికి కేవలం బొమ్మగా మిగులుతుంది. పాత ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో ఈ వివరాలు వ్రాయాలి. డిజిటల్ కెమెరా తేదీని తానే నమోదు చేస్తుంది. అయితే కెమెరాలోని గడియారం తప్పుగా ఉంటే ఆ తేదీ కూడా తప్పే. మొబైల్ ఫోను ద్వారా వాట్సాప్ వంటి సాధనాలలో సాధారణ పద్ధతిన పంపిన ఫోటో పరిమాణం తగ్గి, లోపలి వివరాలు తొలగిపోతాయి. అసలు ఫైలును విడిగా దాచడం ఇందువల్లనే అవసరం. పనిముట్ల పేర్లను పుస్తక భాషలోకి మార్చక, ఆ ఊరివారు పలికినట్లే వ్రాసుకోవాలి. వస్తువుతో పాటు మాట కూడా మరుగున పడుతుంది.

అనుమతి, మర్యాద

1876-78 కాలపు మద్రాసు కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి ఆకలితో చిక్కిశల్యమైన జనాన్ని వరుసగా నిలబెట్టి ఫోటోలు తీశాడు. వారికి సాయపడక బొమ్మలు తీశాడని ఆనాడే విమర్శ వచ్చింది. ఎదుటివాని పేదరికాన్ని వింతగా చూపడం ఈ ప్రక్రియ ఉద్దేశం కాదు. అనుమతి అడగడం, వద్దన్నప్పుడు కెమెరా దించడం, తీసిన ఫోటో ప్రతిని వారికి ఇవ్వడం కనీస మర్యాదలు. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. ఇలా ఇచ్చిన ప్రతి ఆ ఇంటి గోడకు చేరుతుంది. తీసినవాని వద్ద అది పోయినా, ఆ ఊరి జ్ఞాపకం ఆ ఊరిలోనే మిగులుతుంది.